నా ఛాతిల జంట మచ్చలు

ఓ లచ్చవ్వా, నర్సవ్వా, ఇంటున్నరా? మనుమరాలు ఫోన్ బటన్ ఒత్తి ఇచ్చింది, గబగబ చెప్త. నిన్న నేను చచ్చి బతికిన! గంటసేపు చచ్చిన, మళ్ల బతికిన, నడుమల ఇజ్జత్ మాత్రం పోయింది. ముందే చెప్తున్న, నవ్వద్దు!

కుంఠా నాకా కాడ డాక్టర్ సదివే పోరగాండ్లు క్యాంపు పెట్టిండ్రు. బీడీలు చేసెటోళ్లకు, బట్టలు నేసే సాంచాల మీద పనిచేసెటోళ్లకు ఛాతి ఎక్స్‌రే ఫుకట్. నాకు నెల సంది దగ్గు. మా ఆయన గూడ గిట్లనే దగ్గి దగ్గి పోయిండు గద, ఆరు నెలలాయె. కోడలు సునీత ఇంటదా? "నడు అత్తా, చలా" అని రిక్షాల ఏసుకొని పోయింది.

ఆడ ఒక పోరి, ఒక పోరడు. పోరి మంచిది, సొంత అవ్వను పిలిచినట్టు పిలిచింది. "ఆజీ, మెడల, లోపట దాగినలు, సొమ్ములు ఏమున్నా తియ్యి" అన్నది. "నాకేం దాగినలు బిడ్డా! ఆయనతోనే పోయినయి" అన్న. పాపం, దాని మొఖం చిన్నబోయింది. ఇంకోపారి అడగలే.

ఫోటో తీసిండ్రు. పోరడు కంప్యూటర్ల ఏసిండు. అండ్ల ఏఐ అని ఉంటదట, డాక్టర్ లెక్కనే ఫోటో చూసి రోగం చెప్తదట. రెండు నిమిషాలు గాలే, టుయ్‌మన్నది! నా ఛాతి మీద ఎర్రగ రెండు డబ్బాలు గీసింది.

"బాప్ రే! రెండు మచ్చలు! ఒక్కటే సైజు, పక్కపక్కనే!" అని పోరడు ఎగిరిండు, పెండ్లి కుదిరినట్టు!

"ఆగు రే, నీ కండ్లతోని చూడు. మచ్చ ఇంత తెల్లగ ఉంటదా?" అన్నది పోరి.

"లచ్చల ఫోటోలు చూసింది అది. నువ్వెన్ని చూసినవ్? అందుకే అంటున్న, ఎక్స్‌రే డాక్టర్ కాకు, ఇంక నౌకరీ ఉండది!"

"నేను అదే అయిత. మిషన్ నా పక్కన కూసుంటది, నా కుర్చీల గాదు!"

చూడుండ్రి! ఎవరి నౌకరీ పోతదని వాళ్ల కొట్లాట. ఈడ నా పానం పోతున్నది!

ఆయన రోగం నాకొచ్చె అనుకున్న. సునీత ఏడుపు షురూ చేసింది. దాని చెయ్యి వట్టుకొని, "బిడ్డా, పెట్టెల కొత్త చద్దరు నీకే. రుబ్బురోలు లచ్చవ్వకియ్యి" అన్న. అంతటితోని ఊకుండొద్దా? పోయేముందు పాపం కడుక్కుందామని, "నీ కూరల ఉప్పెక్కువని మన గర్కుల్ కాలనీ అంత చెప్పింది గూడ నేనే" అన్న.

ఏడుపు బంద్! "క్యా? నువ్వా అత్తా?"

అప్పుడొచ్చింది వాళ్ల పెద్ద డాక్టరమ్మ. ఫోటో దిక్కు చూసింది, నా దిక్కు చూసింది. "మిషన్‌ని అడిగిండ్రు. ఆజీని అడిగిండ్రా?" అన్నది.

పోరి ఫోటోకు మొఖం ఆనిచ్చి చూసింది. మెల్లగ నా చెవుల, "ఆజీ, ఇవి మంగళసూత్రం వాట్యలు, పుస్తెలు గాదా? మా అమ్మకు గూడ గిట్లనే రెండుంటయి" అన్నది.

ఇంగేం జెప్పాలె! మీకెరికే గద, పదో దినం పుస్తెలు తీసి మీ అందరి ముందట డబ్బాల పెట్టిన. మర్నాడే మళ్ల తీసుకున్న! రవికె లోపట చిన్న జేబు కుట్టుకున్న, బీడీ దారంతోనే. ఆడ ఏసుకున్న. ఎవ్వలకు చెప్పలే. ఏం జెయ్యాలె అక్కా, అవి లేకుంటే ఛాతి మీద ఖాళీ ఖాళీగ ఉంటున్నది.

అవి తీసి ఇంకో ఫోటో కొట్టిండ్రు. సాఫ్! డబ్బా లేదు, మచ్చ లేదు! దగ్గు మందిచ్చి పొమ్మన్నరు. సునీత దగ్గరికొచ్చింది. పుస్తెలను కొంగుతోని తుడిచింది, తనే నా రవికె జేబుల పెట్టింది. పెట్టి, "ఉప్పు సంగతి ఇంటికి పోయినంక మాట్లాడుదం" అన్నది!

పోరడు తల వంచుకొని వచ్చిండు. "సారీ ఆజీ, మిషన్ తప్పు చెప్పింది."

"ఏం తప్పు కొడుకా! నా ఛాతి మీద మా ఆయన్ని చూసి రోగం అన్నది. నలభై ఏండ్ల సంది నేను అదే అంటున్న, నాకైతే ఏ మిషనూ అక్కరపడలే!"