మల్లేశం చీటీలో ఒక మాట

ఏడేళ్లుగా ఒక ఇంగ్లీషు మాట గొంతులో ముల్లులా ఉంది. మింగలేను, కక్కలేను. నా పేరు చెప్పను, మీరూ అడగకండి.

పురానాపూల్ దగ్గర మా గల్లీలో కాలేజీ చదివిన ఆడదాన్ని నేనొక్కదాన్నే. ఎవరింటికి ఇంగ్లీషు కాగితం వచ్చినా నా గడపకే తెచ్చేవాళ్లు. తెలియదనడం నాకు అలవాటు లేదు. వాదించి గెలవడమే అలవాటు.

ఎదురింటి మల్లేశం గుడికి దండలు కట్టేవాడు. కాలికి మేకు దిగింది. డాక్టరిచ్చిన చీటీ పట్టుకొని అతని భార్య నర్సమ్మ వచ్చింది. పుండు 'ప్యూట్రిడ్', సర్జనుకు చూపించాలి అని ఉంది. ఆ మాట నాకు తెలియదు. అయినా తెలిసినట్టే చెప్పాను.

“పుండు పచ్చిగున్నదట. పెద్ద దవాఖానల చూపియ్యమన్నడు.”

“ఇప్పుడే పోవాల్నా అమ్మా? గుడిల మా వంతు ఇంక నాలుగు దినాలున్నది. విడిస్తే మా పాలోళ్లు, ఆయన అన్నదమ్ములే, గుంజుకుంటరు.”

“దండలు చేతులతోని కడ్తడా, కాళ్లతోనా? గింత దానికి ఫికరేందే! వంతు తీర్చుకొని పోండ్రి.”

నర్సమ్మ నవ్వుకుంటూ వెళ్లింది.

ఇంతవరకే అయితే సరిపెట్టుకునేదాన్ని. ఆ సాయంత్రమే నిఘంటువు తీశాను. కుళ్లినది. కంపు కొట్టేది. చచ్చిన మాంసానికి వాడతారట. ఆ ఇంట్లో వాడిన పూల బుట్టల వాసన ఎప్పుడూ ఉండేదే; పుండు వాసననూ వాళ్లు పూలదే అనుకొని ఉంటారు. పది అడుగులు వేస్తే వాళ్ల గుమ్మం. వెళ్లి ఏమనాలి? నాకు రాక తప్పు చెప్పానని అనాలా? రేపటి నుంచి గల్లీ నన్నేమంటుంది? మర్నాడు పొద్దున అతను అరుగు మీద మల్లెలు కడుతూ నాకు దండం పెట్టాడు. మనిషి బాగానే ఉన్నాడు కదా అని నాతో నేనే వాదించుకొని గెలిచాను. నాలుగు రోజులూ గెలుస్తూనే ఉన్నాను.

ఐదో రోజు దవాఖానలో మోకాలి దాకా కాలు తీసేశారు. ఇన్నాళ్లు ఏం చేశారని సర్జను తిట్టాడట. నర్సమ్మ తన రాతను తిట్టుకుంది. నన్ను కాదు.

ఆ చీటీ ఇంకా వాళ్లింట్లో ఉందా? అడగడానికి భయం. చదువుకున్న చుట్టమెవరైనా ఆ గుమ్మం ఎక్కితే, అతను వెళ్లేదాకా నాకు ముద్ద దిగదు. శుక్రవారం నర్సమ్మ ఇప్పటికీ నాకు మూరెడు పూలిస్తుంది. వద్దంటే ఎందుకని అడుగుతుంది. అందుకే పెట్టుకుంటాను.

తెలియకుండా చెప్పాను. తెలిశాక నోరు మూసుకున్నాను. ఆమెతో అనే ధైర్యం ఈ రోజుకీ లేదు. మీతో అన్నాను. ఊపిరి కాస్త ఆడుతోంది. భయం మాత్రం కదల్లేదు.