బాపు చెప్పిన తొవ్వ

నేను పదో తరగతి తప్పి ఇంటికాడున్న రోజులవి. గుమ్మడిదల దిక్కు మా ఊర్లె కొత్తగ మందుల కంపెనీ పడుతున్నది. కొలతలకొచ్చిన సారు మా బాపును అడిగిండు, "వాగు కాడికి పోయే ఇది ఊరి బాటనా?"

బాపు నవ్విండు. "బాట అయితే సర్కారోళ్లు ఏస్తరు సారూ. ఇది తొవ్వ. మా తాతలు నడిచి నడిచి పడ్డది."

బాపు లెక్కల బాటకంటె తొవ్వనే గొప్పది. సారు లెక్క వేరే. ఊరి బాట అయితే జాగ విడవాలె. తొవ్వంటే ఒకరి భూమిల నలుగురు నడిచేది, మూసేయొచ్చు. మూసేసిన్రు. గోడ లేచింది, కంపెనీ నడిచింది.

రెండేండ్లకు బాపు మంచాన పడ్డడు. "నన్ను మన తొవ్వనే తీస్కపోండ్రి" అన్నడు. గదే ఆఖరి మాట.

సచ్చినోళ్లను సాగనంపే మా బొందలగడ్డ వాగు ఒడ్డున ఉంటది. నిప్పుకుండ పట్టుకొని నేను ముందు, ఎనుక పాడె. గేటు కాడ వాచ్‌మన్ మా ఊరోడే. చేతులు జోడించిండు, "నా నౌకరి పోతది తమ్మీ, సుట్టు తిరిగి పోండ్రి."

నడుమల పాడె దించి, పానం ఉన్నదేమోనని చెవుల పిలిచే జాగ గోడ లోపల పడ్డది. గోడ కిందనే దించినం. వంగి "బాపూ" అని మూడుసార్లు పిలిచిన. మిషన్ల మోతకు నా గొంతు నాకే ఇనబడలే.

ఇప్పుడు నాకు ఆ కంపెనీలనే పని. నా బాయిలర్ ఉన్నది సరిగ్గ ఆ తొవ్వ మీదనే. షిఫ్టంత దాని మీదనే నిలబడ్త. ఆ తొవ్వ ఇగ ఎటూ పోదు.