ఒకరి గోలీలు ఇద్దరు మింగితే

శ్రీశైలానికి కోపం రావడానికి పెద్ద కారణం అక్కర్లేదు. చారులో ఉప్పు తక్కువైనా చాలు, ఎక్కువైనా చాలు. మంచాల ఊరి నుంచి ఇబ్రహీంపట్నం మీదుగా ఆదిభట్లకు కంపెనీ బస్సు నడిపే ఈ నలభై ఏడేళ్ల మనిషి ఇంటికి వస్తున్నాడంటే, అరుగు మీద కూర్చున్న పక్కింటి ఎంకమ్మ కూడా లేచి లోపలికి పోయేది. అదే మనిషి స్టీరింగు ముందు కూర్చుంటే పిల్లి. ఎందుకంటే అక్కడ అతని చెవిలో విద్యాసాగర్ ఉంటాడు.

విద్యాసాగర్ ట్రాన్స్‌పోర్టు సూపర్‌వైజరు. శ్రీశైలం కంటే పదిహేనేళ్లు చిన్నవాడు. ఏసీ గదిలో కూర్చుని ఏ బస్సు ఎక్కడుందో కంప్యూటరులో చూస్తుంటాడు. చూసి ఊరుకుంటే వాడి సొమ్మేం పోయింది? ఊరుకోడు. బస్సు రెండు నిమిషాలు ఆగిందంటే ఫోను మోగాల్సిందే.

"ఏడ సచ్చినవ్ ర శ్రీశైలం? ఏడు నిమిషాలు లేటున్నవ్."

"చౌరస్తాల టిప్పర్ అడ్డం వడ్డది సార్."

"గవన్ని నాకు జెప్పకు. నువ్వు గాకపోతే ఇంకొకడు. బండి తోలేటోళ్లు మస్తుమంది తిరుగుతున్నరు."

"అవ్ సార్. వస్తున్న సార్."

పదకొండేళ్లుగా ఇదే పాట. పైకి 'అవ్ సార్' అంటాడు, లోపల ఉడికిపోతాడు. ఒంట్లో కోపాన్ని దాచుకోవడానికి అదేమన్నా గాదెనా? ముందు నిద్ర పోయింది. తర్వాత మెడ నరాలు గుంజడం మొదలైంది. అన్నం ముందు కూర్చుంటే గుండె దడదడలాడేది. రెండేళ్ల కిందట తలనొప్పి పట్టలేక, తెలిసినవాళ్లెవరూ కనబడరని తుక్కుగూడ దాకా పోయి ఒక డాక్టరుకు చూపించుకున్నాడు. బీపీ నూట డెబ్బై, నూట పది. టెన్షన్ తగ్గించుకోమని, రోజూ ఒక గోలీ వేసుకోమని, ఒక్కరోజు కూడా తప్పొద్దని చెప్పి డాక్టరు చీటీ రాసిచ్చాడు. శ్రీశైలం ఆ చీటీని బస్సు ఎక్కకముందే చింపి పారేశాడు.

ఎందుకంటే డ్రైవర్లకు ఆర్నెల్లకోసారి కంపెనీలో ఆరోగ్యం చెక్కింగు ఉంటుంది. బీపీ బయటపడితే బండి దించేస్తారు. తోటి డ్రైవరు దశరథను అట్లాగే దించారు. ఇప్పుడతను ఎవరిదో ప్లాట్ల వెంచరులో గేటు తీస్తూ, వేస్తూ ఉన్నాడు. శ్రీశైలం కళ్ల ముందు ఎప్పుడూ ఆ గేటే. గోలీలు కొనుక్కుందామంటే, నెలనెలా తుక్కుగూడ దాకా పోలేడు, ఇబ్రహీంపట్నంలో ఏ మందుల షాపు ముందు చూసినా ఏదో ఒక కంపెనీ బస్సు ఆగి ఉంటుంది, ఎవడన్నా చూస్తాడని భయం. ఆశా కార్యకర్త దగ్గర పేరు రాయించుకుంటే ఊరంతా పాకుతుందని ఇంకో భయం. ఇన్ని భయాల మధ్య అతనికొక తెలివి తట్టింది. ఏం తెలివి లెండి, కొరివితో తల గోక్కునే తెలివి!

ఇంట్లో బీపీ గోలీలు అప్పటికే ఉన్నాయి. అవి భార్య రమవి. ఆమెకు బీపీ ఎట్లా వచ్చిందని వేరే అడగాలా? అత్త మీది కోపం దుత్త మీద చూపినట్టు, విద్యాసాగర్ మీది కోపమంతా ఆమె మీదే కదా పడింది. ఆశా కార్యకర్త నెలకోసారి ఇచ్చే సంచిలో ఒక మనిషికి సరిపడా గోలీలే ఉంటాయి.

"ఒక దినం నువ్వు ఏస్కో, ఒక దినం నేనేస్కుంట" అన్నాడు.

"నాకు రోజు ఏస్కొమ్మని జెప్పిన్రు."

"రెండు బర్లను మేపుకుంట తిరుగుతవ్. నీకేం టెన్షనే?"

"నువ్వున్నవ్ గద. ఇంకోటెందుకు?" అని రమ ఆ సంచి తెచ్చి అతని ముఖాన కొట్టింది. కోపం కోపమే, ఇవ్వకుండా మాత్రం ఉండలేకపోయింది. బస్సులో మొగుడు కూలబడతాడేమోనని ఆమెకూ భయమే.

అట్లా రెండేళ్లు గడిచాయి. ఒకరి మందు ఇద్దరు మింగితే ఇద్దరికీ సగం రోగమైనా తగ్గుతుందనుకుంటాం. ఇద్దరికీ తగ్గలేదు. ఇంట్లో గిన్నెలు మాత్రం సొట్టలు పడ్డాయి.

అప్పటిదాకా చెక్కింగుల్లో ఎట్లాగో అంచు మీద గట్టెక్కాడు కానీ, ఈసారి ధైర్యం చాల్లేదు. మొన్న జూన్‌లో చెక్కింగు పది రోజులుందనగా శ్రీశైలం సంచి మొత్తం లాక్కున్నాడు.

"మిషిన్ల తక్కువ రావాలె. గీ పది దినాలు అన్నీ నాకే."

"మరి నేను?"

"పది దినాలకే సస్తవా?"

ఆ మాట అని, చెప్పులేసుకుని పోయాడు. నోటికి అదుపు లేనివాడికి ఏం చెప్పగలం!

చెక్కింగు రోజు మిషన్లో నూట ముప్పై, ఎనభై చూపించింది. విద్యాసాగర్ అందరి ముందూ అతని భుజం చరిచాడు. "చూడుండ్రి ర, మనిషంటే గిట్లుండాలె. ఒకడు పని బంద్ వెట్టిండు. ఇయ్యాల్టి సంది వాని ట్రిప్పు గూడ నువ్వే కొట్టాలె." గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. కాదందామని శ్రీశైలం నోరు తెరిచాడు. పదకొండేళ్ల అలవాటు, 'అవ్ సార్' అనే వచ్చింది.

మధ్యాహ్నం ఎంకమ్మ ఫోను చేసింది. "ఓ శ్రీశైలం, మీ రమ బర్ల కొట్టంల వడ్డది. మూతి వంకర వోయింది. ఇబ్రహీంపట్నం దవాఖానకు తీస్కపోతున్నం, నువ్వు గక్కడికే రా."

అతను పోయేసరికి రమ మంచం మీద ఉంది. కుడిచెయ్యి పక్కకు వాలిపోయి ఉంది. డాక్టరమ్మ ఆమెను హైదరాబాదు పంపడానికి కాయితం రాస్తూ తలెత్తకుండానే అడిగింది.

"గోలీ రోజూ వేసుకుంటుందా?"

"అవ్ మేడం."

"రోజూ వేసుకుంటే బీపీ రెండొందల పది ఎందుకుంటుందయ్యా? పెద్దాసుపత్రిలో ఈ కాయితం చూసే మందులిస్తారు. నిజం చెప్పు."

నిజం చెబితే ఆ మాట కంపెనీ దాకా పాకి బండి పోతుంది. చెప్పకపోతే, కాయితం మీద అబద్ధంతో పెళ్లాం పోతుంది. శ్రీశైలం ఆ వాలిపోయిన చెయ్యి వైపు చూశాడు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"పది దినాల సంది ఒక్కటి గూడ ఏస్కోలే. రెండేండ్ల సంది సగమే ఏస్కుంటుంది. కడమయి నేనే మింగిన."

డాక్టరమ్మ కలం ఆపి అతన్ని కింది నుంచి పైదాకా చూసింది. ఆమె తిట్టేలోపే జేబులో ఫోను మోగింది.

"ట్రిప్పు టైమైతుంది. ఏడ సచ్చినవ్ ర?" అన్నాడు విద్యాసాగర్.

"నేను సావలే, నా పెండ్లాం సావుకొచ్చింది!" శ్రీశైలం గొంతుకు వార్డంతా తిరిగి చూసింది. "ర అనకు. నీకన్న పదిహేనేండ్లు పెద్దోన్ని. నాకు రెండేండ్ల సంది బీపీ ఉన్నది. పొద్దుగాల నీ మిషిన్ చూసింది నన్ను గాదు, నా పెండ్లాం గోలీల్ని. నీ బండి నేను తోల. ఎవనితోని తోలిచ్చుకుంటవో తోలిచ్చుకో!"

ఫోను జేబులో పెట్టుకుని వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు. రమ అతన్నే చూస్తోంది. ఆమె నాలుక సరిగా తిరగడం లేదు. ఒక్కో మాటా కూడదీసుకుని అంది.

"గీ గొంతు... వాని మీద గూడ లేస్తదా? నా ఒక్కదాని మీదనే లేస్తదనుకున్న."

అని గోడవైపు ముఖం తిప్పుకుంది.