రెండు కాలనీల మధ్య ఒక డిష్

2022 జూన్‌లో నన్ను మా కంపెనీ దిల్‌సుఖ్‌నగర్ బ్రాంచికి డిప్యూటీ మేనేజరుగా, ఫీల్డ్ ఆపరేషన్స్ బాధ్యత మీద బదిలీ చేసింది. మాది వీశాట్ కంపెనీ. వీశాట్ అంటే మేడ మీద ఒక డిష్ బిగించి, ఉపగ్రహం ద్వారా ఇంటర్నెట్ అందించే ఏర్పాటు. తీగ చేరని చోట ఉన్న ఏటీఎంలు, పెట్రోలు బంకులు, అడవుల్లోని గనులు మా ఖాతాదారులు. ఆఫీసు ఒక కోచింగ్ సెంటరు పై అంతస్తులో ఉండేది. కింద వందల మంది పిల్లలు సర్కారు కొలువు కోసం ఎదురుచూసేవారు, పైన మేము నలుగురం ఖాతాదారుల కోసం ఎదురుచూసేవాళ్ళం.

డిప్యూటీ మేనేజరంటే పెద్ద హోదా అనుకునేరు. మా పద్ధతి ప్రకారం ఫీల్డ్ ఇంజనీరు మేడ ఎక్కి డిష్ తిప్పాలి, సీనియర్ ఫీల్డ్ ఇంజనీరు కింద నిలబడి మీటరు చూసి చెప్పాలి, డిప్యూటీ మేనేజరు ఆఫీసులో ఫ్యాను కింద సంతకం పెట్టాలి. మా బ్రాంచిలో మొదటి రెండు పోస్టులూ ఖాళీ. కాబట్టి యాభై ఎనిమిదేళ్ళ వయసులో మేడ ఎక్కేదీ నేనే, సంతకం పెట్టేదీ నేనే. ఫ్యాను మాత్రం సేల్స్ హెడ్ గారిది.

ఆ సేల్స్ హెడ్ నాకంటే పాతికేళ్ళు చిన్నవాడు. గనులూ బంకులూ చాలవు, ఇక ఇళ్ళకూ అమ్ముదామని ఆయనకు బుద్ధి పుట్టింది. నాకు నవ్వొచ్చింది. హైదరాబాదులో కరెంటు స్తంభాన్ని చూస్తే స్తంభం కనబడదు, ఇంటర్నెట్ తీగలే కనబడతాయి. ఈ ఊళ్ళో ఉపగ్రహం ఎవరికి కావాలి? సరిగ్గా అప్పుడే ఎల్బీ నగర్ నుంచి ఫోను వచ్చింది. ఒక ఇంటికి ఏ కంపెనీ బ్రాడ్‌బ్యాండూ లేదట, ఎవరూ ఇవ్వనంటున్నారట. సేల్స్ హెడ్ గారి ముఖం పున్నమి చంద్రుడిలా వెలిగింది. మర్నాడే సర్వేకి వెళ్ళమన్నారు.

ఎల్బీ నగర్ దాటి నాగోల్ వైపు వెళ్ళే దారిలో రెండు కాలనీలు ఆనుకుని ఉంటాయి. అసలు పేర్లు రాస్తే రెండు సంఘాలూ నా మీదికి వస్తాయి గనక పాత కాలనీ, కొత్త కాలనీ అంటాను. ఆ ఇల్లు సరిగ్గా హద్దు మీద ఉంది. ఇంటావిడ పేరు కృపారాణి. మెదక్ వైపు పల్లె నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. భర్త ప్రభాకర్ మలక్‌పేటలో ఒక దవాఖానలో ల్యాబ్ టెక్నీషియన్. ఆమెది మెడికల్ కోడింగ్. అంటే రోగుల కేసు కాగితాలు చదివి, ప్రతి జబ్బుకూ ప్రతి చికిత్సకూ బీమా కంపెనీలకు అర్థమయ్యే కోడ్ నంబరు వేసే పని. ఇంటి నుంచే చేస్తోంది. నేను వెళ్ళేసరికి మెట్ల మలుపులో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, కిటికీ ఊచకు సెల్‌ఫోను చున్నీతో కట్టి, దాని హాట్‌స్పాట్ మీద పని చేసుకుంటోంది. ఇల్లు మొత్తంలో సిగ్నల్ వచ్చేది అక్కడొక్కచోటేనట.

సిగ్నల్ ఎందుకు లేదంటే, పక్క వీధిలో ఉన్న సెల్ టవర్‌ను పాత కాలనీ సంఘం ధర్నా చేసి తీయించింది, రేడియేషన్ వస్తుందని. తీయించిన మర్నాటి నుంచి ఫోన్లు కలవడం లేదని మళ్ళీ ధర్నా చేసింది.

మరి తీగ ఎందుకు రాలేదు? ఈ రెండు కాలనీల్లో ప్రతి సంఘానికీ తనదైన కేబుల్ ఆపరేటరు ఉన్నాడు. ఒకడి తీగ రెండోవాడి హద్దులోకి వస్తే రాత్రికి రాత్రి తెగుతుంది. పెద్ద కంపెనీల వాళ్ళు వచ్చినా సంఘం అనుమతి లేనిదే స్తంభం ముట్టుకోలేరు. కృపారాణి పాత కాలనీ అధ్యక్షుడు యాదగిరి రెడ్డి గారి దగ్గరికి వెళితే, "నీ గేటు ఎటుందమ్మా? కొత్త కాలనీ రోడ్డు మీదికే గదా. ఆళ్ళనే అడుగు" అన్నారట. కొత్త కాలనీ అధ్యక్షుడు కోటేశ్వరరావు గారు కృష్ణా జిల్లా మనిషి, మర్యాద ఎక్కువ. ఆయన కుర్చీ వేసి, కాఫీ ఇచ్చి, "మీ ప్లాటు నంబరు పాత కాలనీ లేఅవుట్‌లో ఉందండీ, మా చేతుల్లో ఏముంటుంది చెప్పండి?" అన్నారట. వినాయక చవితి చందా మాత్రం ఏటా ఇద్దరూ వసూలు చేసేవారు. ఆ కుటుంబం ఇద్దరికీ ఇచ్చేది. చందాకు రెండు కాలనీలు, తీగకు ఏ కాలనీ కాదు.

ఆమె అవసరం వినోదం కాదు. నాలుగేళ్ళ పాపకు ఫిట్స్ వస్తాయి. ఎప్పుడు వస్తాయో తెలియదు, వచ్చినప్పుడు పక్కకు తిప్పి పడుకోబెట్టి మందు వేసే మనిషి దగ్గరుండాలి. ఆమె కంపెనీ గచ్చిబౌలి అవతల, ఊరికి ఆ చివర. ఇంట్లో సొంత కనెక్షన్ చూపించలేనివాళ్ళు ఆఫీసుకు రావలసిందేనని కొత్త నియమం పెట్టారు.

"ఒక్క జీతంతోని పాప మందులు కావు సార్. గట్లని పాపను ఇడిచిపెట్టి ఆఫీసుకు పోనీకి రాదు. ఎట్లనన్న జేసి నెట్ ఇప్పియ్యుండ్రి" అంది.

మేడ ఎక్కి సర్వే చేశాను. సర్వే అంటే దిక్సూచి, కోణం కొలిచే పరికరం పట్టుకుని, ఉపగ్రహం ఉండే దిశలో అడ్డం లేదని చూసుకోవడం. మన ఊరి నుంచి అది దక్షిణంగా, బాగా ఎత్తున ఉంటుంది. చెట్టు అడ్డం లేదు, నీళ్ళ ట్యాంకు అడ్డం లేదు. ఆకాశం నుంచి ఆ ఇంటికి దారి పరమ శుభ్రంగా ఉంది. ఆ ఇంటికి అడ్డమున్నదంతా నేల మీదే.

దిగి వచ్చి ఆమెకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మేము వాడే ఉపగ్రహం చాలా దూరాన ఉంటుంది. మాట పైకి వెళ్ళి, కిందికి వచ్చి, జవాబు మళ్ళీ అదే దారిలో తిరిగిరావడానికి అర సెకను పైనే పడుతుంది. వేగం ఎంత కొన్నా ఆ ఆలస్యం తగ్గదు. ఏటీఎంకు ఫర్వాలేదు, డబ్బు కోసం నిలబడ్డవాడు అర సెకను ఆగుతాడు. కానీ ఆమె కంప్యూటరు పని అంతా ఆఫీసులో ఉన్న యంత్రం మీద జరుగుతుంది, ఇంట్లో దాని తెర మాత్రమే కనబడుతుంది. నొక్కిన ప్రతి అక్షరం ఆకాశం చుట్టి వస్తేగాని తెర మీద పడదు. పైగా పెద్ద వాన పడితే సిగ్నల్ పోతుంది, నెలకు ఇంతని డేటా పరిమితి ఉంటుంది. ఇవన్నీ ముందే చెప్పేస్తే ఎట్లాగని సేల్స్ హెడ్ గారు ఆ తర్వాత నన్ను కోప్పడ్డారు. అడిగితే చెప్పాలట, అడగకపోతే కరపత్రం ఇవ్వాలట.

కృపారాణి అంతా విని, వేరే దారి ఉందా అని అడిగింది. లేదన్నాను. అయితే పెట్టమంది.

పెట్టాం. మేడకు బెజ్జాలు పడకుండా ఇనుప చట్రం మీద సిమెంటు దిమ్మెలు పేర్చి డిష్ నిలబెట్టాను. తర్వాత హబ్‌కు, అంటే ఉపగ్రహంతో మాట్లాడే మా ప్రధాన కేంద్రానికి, ఫోను చేసి, వాళ్ళు చెప్పినట్టు వెంట్రుక వాసి అటూ ఇటూ తిప్పి, మా సిగ్నల్ పక్కవాడి సిగ్నల్‌లోకి పొర్లడం లేదని వాళ్ళు సరేనన్నాకే మరలు బిగించాను. ఈ పరీక్ష కాకుండా ఎవరూ ఆకాశంలోకి సిగ్నల్ పంపకూడదు. పక్కవాడి హద్దులోకి పోకూడదన్న నియమం పైన కూడా ఉంది, కాకపోతే అక్కడ తీగలు తెగవు.

ఆమె ఆఫీసు వాళ్ళు దూరం నుంచి వేగం పరీక్ష పెట్టారు. మా డిష్ దర్జాగా పాసైంది. వాళ్ళు కొలిచింది వేగమే గాని ఆలస్యం కాదు. పాసైన కనెక్షన్ మీద పని చేయబోతే నేను చెప్పినట్టే అయింది. ఆమె ఒక కోడ్ కొట్టి, తెర మీద కనబడేదాకా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. రోజుకు చేయవలసిన కేసుల్లో సగం కూడా అయ్యేవి కావు. ఆగస్టులో వానలు పట్టాయి, ఆ సగమూ పోయింది. టీమ్ లీడ్ ఫోను చేసి, వచ్చే నెల నుంచి ఆఫీసుకు రావాలని, లేదంటే రాజీనామా పంపాలని చెప్పేసింది. ఆ సంగతి నాకు చెబుతున్నప్పుడు కృపారాణి ఏడవలేదు. పాప తల మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. నా ముప్ఫై ఏళ్ళ సర్వీసులో నియమాలన్నీ పాటించి, పరీక్షలన్నీ పాసై, ఎవరికీ పనికిరాని కనెక్షన్ అదొక్కటే.

ఇంతలో చవితి దగ్గరపడింది.

ఈ వైపు కాలనీల్లో వినాయక చవితి అంటే విగ్రహం ఎత్తు ఒకటి, నిమజ్జనం రోజు లడ్డూ వేలం ఒకటి. వేలం ఫోనులో లైవ్ పెడతారు. ఒకరోజు ఉదయం నేను సిగ్నల్ చూడటానికి ఆ ఇంటికి వెళితే, గేటు ముందు యాదగిరి రెడ్డి గారు నలుగురు కమిటీ వాళ్ళతో నిలబడి డిష్ వంక చూస్తున్నారు. టీవీ చానళ్ళ బండి మీద ఉండే డిష్ లాంటిదే ఇదని ఎవరో ఆయనకు చెప్పారు. ఈసారి పాత కాలనీ లడ్డూ వేలం శాటిలైట్ ద్వారా ప్రత్యక్ష ప్రసారం అని ఫ్లెక్సీ కొట్టిద్దామనుకున్నారు.

మీ కాలనీలో ఫైబర్ ఉంది కదా, దాని మీద బొమ్మ ఇంకా బాగా వస్తుందని నేను చెప్పాను.

"ఫైబర్ అందరికీ ఉంటది సార్. శాటిలైట్ ఎవ్వనికున్నది?" అన్నారాయన.

మాట పూర్తి కాకముందే కోటేశ్వరరావు గారు తన కమిటీతో వచ్చారు. ఆయనకూ అదే ఆలోచన. "చూడమ్మా కృపారాణీ, మీ గేటు మా రోడ్డు మీదికే కదా ఉంది. మీరు మా కాలనీ మనిషి. మన మండపం సంగతి మనం చూసుకోవద్దూ?" అన్నారు.

"గేటుదేముందయ్యా, రేపు ఇటు పెట్టుకుంటది. ప్లాటు నంబరు మా లేఅవుట్‌లున్నది. గీ ఇల్లు మాదే" అన్నారు రెడ్డి గారు.

వాదన అరగంట సాగింది. ఇన్నేళ్ళూ ఆమెను అవతలికి పంపడానికి వాడిన గేటునూ నంబరునూ ఇప్పుడు ఇద్దరూ మార్చుకుని వాడుకున్నారు. నేను మేడ మెట్ల మీద కూర్చుని హాయిగా విన్నాను. ఉద్యోగంలో అలాంటి ఉదయాలు ఎక్కువ దొరకవు.

కృపారాణి పాపను ఎత్తుకుని గేటు దాకా వచ్చింది. "నెట్ ఎవ్వరికియ్యమన్నా ఇస్త, అన్నా. కని నేను ఏ కాలనీదాన్నో నాకే ఎరుక లేదు. మా ఇంటికి ఎవ్వరి తీగ లేదు గదా, ఎవ్వరిదాన్నని చెప్పాలె?" అంది.

ముందు తేరుకున్నది రెడ్డి గారు. అక్కడి నుంచే ఆపరేటరుకు ఫోను కొట్టారు. కోటేశ్వరరావు గారూ ఊరుకోలేదు. మధ్యాహ్నానికి పాత కాలనీ ఫైబర్ వెనక గోడ మీది నుంచి వచ్చింది. సాయంత్రానికి కొత్త కాలనీ ఫైబర్ గేటు మీది నుంచి వచ్చింది. హద్దు దగ్గర ఎవరి తీగా తెగలేదు. తెంపితే ఆమె అవతలి కాలనీ వైపు మొగ్గుతుందని ఇద్దరికీ భయం. ఇన్నాళ్ళూ ఒక్క తీగకు నోచుకోని ఇంటికి ఒకే రోజు రెండు వచ్చాయి.

మర్నాడు కృపారాణి మెట్ల మలుపు వదిలి, పాప మంచం పక్కన బల్ల వేసుకుని పనిలో కూర్చుంది. అక్షరం కొట్టగానే తెర మీద పడింది. ఆ వారంలోనే వెనకబడిన కేసులన్నీ పూర్తి చేసింది. ఆఫీసుకు రమ్మన్న మాట టీమ్ లీడ్ వెనక్కి తీసుకుంది.

డిష్‌ను పంచుకోవడానికి ఒప్పందం కుదిరింది. నిమజ్జనం రోజు ఉదయం పాత కాలనీ వేలం, మధ్యాహ్నం కొత్త కాలనీ వేలం. రెండు ఫ్లెక్సీల మీదా ఉపగ్రహం బొమ్మ, దాని కింద అధ్యక్షుల బొమ్మలు అంతకంటే పెద్దవి. పాత కాలనీ వాళ్ళు పాట పెంచుకుంటూ, మధ్యలో ఉపన్యాసాలు చెప్పుకుంటూ మొత్తం నెల డేటా ఉదయమే తినేశారు. పరిమితి దాటితే వేగం నత్తనడకకు దిగుతుంది. మధ్యాహ్నం కొత్త కాలనీ లడ్డూ తెర మీద కదలకుండా నిలిచిపోయింది. నేను కృపారాణి ఇంట్లోకి వెళ్ళి, మండపానికి లాగిన కేబుల్‌ను డిష్ మోడెం నుంచి తీసి, చేతికందిన ఫైబర్ పెట్టెకు గుచ్చాను. తర్వాత చూస్తే అది పాత కాలనీ ఆపరేటరు పెట్టె. కోటేశ్వరరావు గారు బయటి నుంచి వచ్చి, శాటిలైట్ అంటే శాటిలైటేనండీ, ఎంత స్పష్టత అని నా చెయ్యి పట్టుకుని ఊపారు. నేను కాదనలేదు.

మా సేల్స్ హెడ్ గారు ఆ డిష్ ఫొటో కంపెనీ బ్రోచరు అట్ట మీద వేయించారు. హైదరాబాద్ నగరంలో మా తొలి గృహ కనెక్షన్ అట. బ్రోచరు అచ్చై వచ్చేసరికి కృపారాణి కనెక్షన్ రద్దు చేయించుకుంది. డిష్ విప్పి దింపింది కూడా నేనే, సంతకం పెట్టింది కూడా నేనే.

మరుసటి ఏడు రిటైరయ్యాను. ఇప్పుడు తక్కువ ఎత్తులో తిరిగే కొత్త ఉపగ్రహాల సంగతి పేపర్లో చదివి, మా ఇంటికి పెట్టించుకోమంటారా అని చాలామంది అడుగుతుంటారు. వాటిలో ఆలస్యం తక్కువే, నేను చెప్పిన ఇబ్బందుల్లో కొన్ని తగ్గుతాయి. అయినా నేను వేగం గురించీ ధర గురించీ మాట్లాడే ముందు, మీ ఇంటికి తీగ ఎందుకు రాలేదని అడుగుతాను. కొండ అడ్డమనో అడవి అడ్డమనో చెబితే పెట్టించుకోమంటాను. అధ్యక్షుడు అడ్డమని చెబితే, మీ పక్క కాలనీ అధ్యక్షుడి ఫోను నంబరు ఉందా అని అడుగుతాను.