పద్నాలుగో పేజీ

థీసిస్ చివర పుస్తకాల పట్టీ పేర్చిపెట్టే రెఫరెన్సుల సాఫ్ట్‌వేర్‌లో కొత్త పుస్తకాన్ని ఎక్కించాలంటే ఒక చిన్న పెట్టె తెరుచుకుంటుంది. రాసినవారి పేరు, పుస్తకం పేరు, అచ్చయిన ఊరు, ఏడాది. ఆ నాలుగు గళ్ళూ నింపితే చాలు, పుస్తకం ఉన్నట్టే. నిజంగా ఉందా అని అది అడగదు. అడిగి ఉంటే నాకు ఇవాళ ఈ సిగ్గు ఉండేది కాదు.

అప్పుడు నేను ఆదోనిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతూ పీహెచ్‌డీ చేస్తున్నాను. ఎమ్మిగనూరు నేత ఇళ్ళలో ఆడవాళ్ళు చేసే పని నా పరిశోధన. ఆదివారం వచ్చిందంటే నోట్‌బుక్కు సంచిలో వేసుకుని ఎమ్మిగనూరు బస్సెక్కేదాన్ని. గడువు అప్పటికే రెండుసార్లు పొడిగించారు, మూడోసారి కుదరదని కాగితం మీద రాసి ఇచ్చారు. ఆ ఏడాది థీసిస్ ఇవ్వకపోతే ఇన్నేళ్ళ చాకిరీ బూడిదలో పోసిన పన్నీరే. డాక్టరేటు లేనివాళ్ళను తీసేస్తామని కాలేజీవాళ్ళు కూడా నెలకోసారి గుర్తు చేస్తుండేవారు, మేము మరిచిపోతామేమో అన్నట్టు.

మా గైడు సారు దగ్గర నలుగురం ఉండేవాళ్ళం. నలుగురికీ కలిపి ఆ సాఫ్ట్‌వేర్‌లో ఒకటే ఉమ్మడి లైబ్రరీ పెట్టించారు సారు. ఒకరు ఎక్కించింది అందరి కంప్యూటర్లలోనూ కనబడుతుంది. ఉమ్మడి వంటలో ఎవరు ఉప్పు వేసినా అందరూ తినాల్సిందే కదా, అట్లాంటిది. పైగా ఒకరు ఎక్కించినవి మిగతావాళ్ళు తమ థీసిస్‌లో కొన్నైనా వాడటం మా గుంపులో మర్యాద. వాడకపోతే సారు మొహం మాడేది. "ఏమ్మా, సాటివాళ్ళ కష్టం కనపడ్డంల్యాదా నీకు?" అనేవారు. చదివారా అని మాత్రం ఏనాడూ అడగలేదు.

ఎమ్మిగనూరులో నాకు అన్నిటికన్నా ఎక్కువ చెప్పింది ఒక అవ్వ. చిన్నప్పటి నుంచీ రాట్నం తిప్పి మగ్గానికి నూలు కండెలు చుట్టిన మనిషి. కుడి భుజం ఎడమదానికన్నా కిందికి జారిపోయి ఉండేది. చదువు లేదు. నేను రాసుకుంటుంటే నా చేతిని చూస్తూ మాట్లాడేది.

"మగ్గం ఎవురిదని అడగనీకి వచ్చినోళ్ళు నా మొగుని పేరు రాసుకొని పోయినారు పాపా. నేను కండె సుట్టకపోతే ఆయప్ప మగ్గం మీద కూసోని ఏం నేస్తాడు, గాలి నేస్తాడా?"

ఆ మాట నా నోట్‌బుక్కులో పద్నాలుగో పేజీలో ఉంది. నా థీసిస్ అంతా ఆ ఒక్క మాట మీద నిలబడింది. బస్సుకు లేచేటప్పుడు అవ్వ నా కొంగు పట్టుకుంది.

"నా పేరు రాస్తావు కదా? మొగునిది కాదు, నాది."

"రాస్తానవ్వా" అన్నాను.

సారు ఆ అధ్యాయం చదివి పెన్నుతో ఆ మాట చుట్టూ సున్నా చుట్టారు. "దీనికి రెఫరెన్స్ యాడ? ఎవురో అవ్వ చెప్పిందంటే చూసేటోళ్ళు నవ్వుతారమ్మా. పుస్తకం ఉంటే పెట్టు, లేకుంటే తీసేయ్."

తీసేస్తే థీసిస్‌లో మిగిలేది ఊక. ఆ మధ్యాహ్నం స్టాఫ్ రూములో ఫోన్‌లోంచి నెట్టు పెట్టుకుని ఆ పెట్టె తెరిచాను. అదేం రకమో ఎంచుకోమని ఒక జాబితా వచ్చింది. అందులో ఇంటర్వ్యూ అని కూడా ఉంది, అబద్ధమెందుకు చెప్పాలి. దాన్ని దాటి పుస్తకం అన్నదాన్ని నొక్కాను. రాసినవారి దగ్గర అవ్వ పేరు పెట్టాను. నా నోట్‌బుక్కు అట్ట మీద నేనే రాసుకున్న 'కండె చుట్టిన చేతులు' అన్నదాన్ని పుస్తకం పేరు చేశాను. ఊరు ఎమ్మిగనూరు, స్వీయ ప్రచురణ. ఏడాది నోటికొచ్చిందేదో వేశాను. పేజీ పద్నాలుగు. సారు చూసి ముచ్చటపడతారు, చివరికి తీసేద్దాంలే అనుకున్నాను. చివరికి అన్నది ఎంత చెడ్డ మాటో అప్పటికి నాకు తెలియదు.

సారు నిజంగానే ముచ్చటపడ్డారు. "ఇట్లాంటి స్థానిక పుస్తకాలు ఎవురికీ దొరకవు" అని మిగతా ముగ్గురికీ చూపించారు. అంతే. నెల తిరక్కుండా ఆలూరు నుంచి వచ్చే అన్న, మా నలుగురిలో పెద్దవాడు, తన థీసిస్‌లో దాన్ని ముప్పై ఏడో పేజీతో వాడేశాడు. ఇంకొకామె నలభై ఆరో పేజీ వేసింది. ఆపైన సారు ఒక పత్రికలో వ్యాసం అచ్చేయించుకున్నారు. అందులో అరవై రెండో పేజీ. నా నోట్‌బుక్కులో రాసింది మొత్తం ఇరవై రెండు పేజీలు! నేను కన్న బిడ్డ నాకు చెప్పకుండా పెరిగిపోతోంది. మొదట నవ్వొచ్చింది. తరవాత అన్నం సయించలేదు.

ఒక ఉదయం ధైర్యం చేసి దాన్ని ఉమ్మడి లైబ్రరీలోంచి తీసేశాను. గంట తిరక్కుండా ఆలూరు అన్న ఫోన్ చేశాడు.

"ఏమ్మా, అవ్వ పుస్తకం కనపడ్డంల్యా. నువ్వేమన్నా పొరపాటున నొక్కినావా?"

"అన్నా, ఆ పుస్తకం..." అని ఆగిపోయాను.

"నువ్వేం భయపడొద్దు. చెత్తబుట్టలో ఉండె, మళ్ళీ ఎక్కించినాలే. సారుకు చెప్పనులే."

అన్న మంచితనానికి నాకు ఏడుపొచ్చింది. కక్కలేను, మింగలేను. నిజం చెబితే ముగ్గురి థీసిస్‌లూ, సారు వ్యాసమూ కలిసి మునుగుతాయి. చెప్పకపోతే నేనొక దొంగని. కుడితిలో పడ్డ ఎలుక కూడా నాకన్నా నయం, దాన్ని ఎవరో ఒకరు తోక పట్టి బయట పారేస్తారు.

గడువుకు పది రోజులుందనగా సారు ఇంటికి పోయి చెప్పేశాను. ఆయన వరండాలో ఉగ్గాని తింటున్నారు. నేను చెబుతున్నంతసేపూ తింటూనే ఉన్నారు. ప్లేటు కింద పెట్టి, చేయి కడుక్కుని వచ్చి కూర్చున్నారు. తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఎవురికన్నా చెప్పినావా?"

"లేదు సార్."

"అయితే ల్యాదు. నువ్వు నాకూ చెప్పలేదు, నేనూ వినలేదు. పోయి బైండింగుకు ఇయ్యి."

"అవ్వ చెప్పిన మాట మాత్రం నిజం సార్. దాన్ని ఇంటర్వ్యూ అని మార్చుకుంటే..."

"నా వ్యాసం అచ్చయిపోయిందమ్మా" అన్నారు, నేనేదో దాన్ని చించడానికి వచ్చినట్టు.

బైండింగుకు ఇచ్చాను. ఇవ్వకపోతే గడువు పోతుంది, ఉద్యోగం పోతుంది. సారు సంతకం లేకుండా నా థీసిస్ గడప దాటదు. ఇవన్నీ నిజాలే, కానీ నేను భయపడ్డాను, అసలు సంగతి అది.

వైవా రోజు బయటి యూనివర్సిటీ నుంచి పరీక్షించడానికి వచ్చిన పెద్దాయన నా థీసిస్ వెనక పేజీలు తిప్పుతూ ఒకచోట వేలు ఆపారు. ఏ చోటో నాకు చూడకుండానే తెలిసింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు చెంగు సర్దుకున్నాను.

"ఈ పుస్తకం నాకెక్కడా దొరకలేదమ్మా. ఒక నేత కార్మికురాలు సొంతంగా రాసుకోవడం చాలా గొప్ప విషయం. ఒక కాపీ పంపుతావా?"

"కాపీలు అయిపోయినాయి సార్" అన్నారు మా సారు నా బదులు. పెద్దాయన అయ్యో అన్నారు. వైవా అయ్యాక అందరూ చప్పట్లు కొట్టారు. బయటికొచ్చాక ఎవరో నన్ను డాక్టరు మేడం అని పిలిచారు. తేలు కుట్టిన దొంగలా నవ్వాను.

అవ్వకు మాటిచ్చాను కదా, థీసిస్ తీసుకుని ఎమ్మిగనూరు పోయాను. చివరి పేజీల్లో ఆమె పేరున్న చోటికి ఆమె వేలినే పట్టుకుని తీసుకుపోయాను. సాఫ్ట్‌వేర్ అక్షర క్రమంలో పేర్చిన వరసలో, పెద్ద పెద్ద చదువరుల మధ్య ఉంది అవ్వ.

"ఇదేనా నేను?"

"నువ్వే అవ్వా."

"నా మాటలన్నీ ఈడున్నాయా?"

"ఒక మాట ఉంది. మిగతావి నీ పుస్తకంలో..." అని నాలిక కరుచుకున్నాను.

"నాకు పుస్తకముందా?" అంది అవ్వ. నవ్వింది. "యాడుంది, సూపీ."

ఇంకోసారి తెస్తానని చెప్పి వచ్చేశాను. తరవాత ఆ వీధికి పోలేదు. ఎమ్మిగనూరులో పని పడినా ఆ వీధి తప్పించి చుట్టూ తిరిగి పోతాను.

ఈ మధ్య మా కాలేజీలో చివరి ఏడాది పిల్లలు ప్రాజెక్టులు రాశారు. చిప్పగిరి నుంచి బస్సులో వచ్చే ఒక పిల్ల నా దగ్గరికి సంతకానికి వచ్చింది. పొలం పనికి పోయే వాళ్ళ ఇంట్లోంచి డిగ్రీకి వచ్చిన మొదటి మనిషి ఆ పిల్లే. ప్రాజెక్టు చివర రెఫరెన్సుల పట్టీ ముచ్చటగా ఉంది. మూడో వరసలో అవ్వ పేరు. 'కండె చుట్టిన చేతులు', ఎనభై ఒకటో పేజీ.

"ఇది యాడ దొరికింది నీకు?" వేలు ఆ వరస మీదే ఉంచి అడిగాను.

"నెట్‌లో ఒక సారు వ్యాసంలో ఉండె మేడం."

"పుస్తకం చదివినావా?"

ఆ పిల్ల ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది. "చదివినా మేడం. శానా బాగుంది. కడాకు ఏడుపొచ్చింది."

అప్పుడే చెప్పాలి. ఇట్లా రాయకూడదమ్మా, లేనిదాన్ని చదివానని అనకూడదు, రా, బస్సెక్కి పోదాం, ఆ అవ్వ ఇంకా ఉంది, పోయి అడుగుదాం అని చెప్పాలి. చెబితే మొదటి అబద్ధం ఎవరిదని ఆ పిల్ల అడుగుతుంది. నా పేరు ముందు డాక్టరు అని చెక్కిన పలక మా ఇద్దరి మధ్యా టేబుల్ మీదే ఉంది. పెన్ను మూత తీశాను.

"ఆయవ్వ ఇంకేమన్నా పుస్తకాలు రాసిందా మేడం?" అంది ఆ పిల్ల.

"లేదమ్మా" అన్నాను. "అదొక్కటే రాసింది."

సంతకం పెట్టి ఇచ్చాను.