వేయని దండోరా

ఎనిమిదేళ్లుగా ఒక మాట నా గొంతులో ఇరుక్కుని ఉంది. నేను వాగుడుకాయనని జమ్మలమడుగులో మా వీధి వీధంతా చెబుతుంది. అన్నీ చెబుతాను, అదొక్కటి తప్ప. ఇది చదివే మీరు నా ముఖం ఎరగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

అప్పుడు రాజధాని కర్నూలు. మా నాన్న వేముల దగ్గర ఒక ఊరికి కరణం. ఆయన కళ్లకు పొర వచ్చింది. నేను చదివింది ఐదో తరగతే అయినా చేతిరాత గుండ్రంగా ఉంటుంది. అందుకని ఊరి కాగితాలన్నీ నేనే రాసేదాన్ని. చూపించిన చోట ఆయన సంతకం పెట్టేవారు.

గుట్ట పక్క బంజరులో ముగ్గురాయి, అదే కంపెనీవాళ్లు కొనే బెరైటీసు, ఉందేమో చూడాలని మా ఊరి ఖాదర్ మామ అర్జీ పెట్టుకున్నాడు. గని కాదు, నాలుగు గుంతలు తీసి చూడటం, అంతే. ఆ అర్జీ పులివెందుల, కడప, కర్నూలు తిరిగి రెండేళ్లకు మా ఇంటికి వచ్చింది.

"నాలుగు మోకాటిలోతు గుంతలకు ఇంతమంది దొరల సంతకాలా పాపా? అవి వచ్చేలోగా నేనే గుంతలో పండుకునేట్టుండాను" అని నవ్వి, ఒక తెల్లరాయి నా చేతిలో పెట్టాడు. నిమ్మకాయంత రాయి, ఇనుమంత బరువు! నేల కింద ఇలాంటివి ఇంకా ఎన్ని ఉన్నాయో? ఎంత లోతున? ఇక నాకు అదే ధ్యాస.

మిగిలింది ఒక్క పని. ఊళ్లో దండోరా వేయించి, ఎవరికైనా అభ్యంతరం ఉందేమో కనుక్కుని రాయాలి. దండోరా వేసే తలారి, తప్పెట తోలు చినిగితే బాగు చేయించుకోవడానికి ప్రొద్దుటూరు పోయాడు. తాలూకా బంట్రోతేమో అరుగు మీద కూర్చుని తొందరపెడుతున్నాడు. ఈసారి అతని చేత కాగితం పోకపోతే మళ్లీ ఎన్ని నెలలో. "దండోరా వేయించడమైనది, అభ్యంతరములు లేవు" అని రాసేశాను. నాన్న సంతకం పెట్టారు. జాలితో రాశానా, ఆ రాళ్లు చూడాలన్న ఆత్రంతో రాశానా? జాలేనని చాలా ఏళ్లు అనుకున్నాను. ఇప్పుడు అంత గట్టిగా అనలేను.

గుంతలు తీసిన రోజు అందరికన్నా ముందు నేనే నిలబడ్డాను. మూడింటిలో మట్టే. నాలుగో దాంట్లో వేలెడు మందాన తెల్లటి చార కనిపిస్తే చప్పట్లు కొట్టాను.

మర్నాడు మార్తమ్మ వచ్చింది. ఒంటరిగా ఉండే ముసలామె. బాప్తిస్మం కాకముందే పోయినందున చర్చి సమాధుల్లో చోటు దొరకని బిడ్డను ఎప్పుడో ఆ బంజరులోనే పూడ్చి, గుర్తుకు మూడు రాళ్లు పేర్చుకుందట. ఆ రాళ్లు ఏ మట్టికుప్ప కిందికి పోయాయో. ఇప్పుడు చోటు తెలియడం లేదు.

"దండోరా ఏసినారా అమ్మణ్ణీ? నాకు ఇనపళ్లేదే?"

"ఏసినారవ్వా. నువ్వు బుడ్డశెనక్కాయలు పీకను చేనికి పోయింటావు."

"యాడికీ పోలేదు. వారమంతా జొరంతో ఇంట్లోనే పండుకోనుంటి."

"అయితే చెవులు మందగించినాయేమో."

ఆమె చెవిలో వేలు పెట్టి ఆడించుకుంది. "అయ్యుంటాదిలే. ముసిలిదాన్నయితి కదా. పిలిచినా పలక్కపోతి నా బిడ్డ కోసరం" అని వెళ్లిపోయింది.

అన్ని సంతకాలు పెట్టిన దొరల్లో గుట్టను చూసినవారు ఒక్కరూ లేరు. మార్తమ్మ గడప దాకా పోగలిగింది ఆ తప్పెట చప్పుడొక్కటే, నేను దాటేసిందీ దాన్నే. అయినా నన్ను ఎక్కువ తినేది అది కాదు. ఆమె నా మాట నమ్మింది. అప్పటి నుంచి ఎవరేమన్నా "ఆఁ?" అని మళ్లీ చెప్పించుకునేది. ఊరు కూడా నమ్మేసింది, చెవిటవ్వ అని పేరు పెట్టింది. ఒక మనిషి చెవుల్ని మాటతో మూసేయవచ్చా? నేను మూశాను.

పోయిన నెల పుట్టింటికి పోయాను. మార్తమ్మ గడపలో కూర్చుని ఉంది. వెనక సందులో కోడిపిల్ల కిచకిచమంటే తల తిప్పి చూసింది. "బాగుండావా అవ్వా?" అన్నాను. "ఆఁ?" అంటూ చెవి ముందుకు వంచింది. చెప్పేయాల్సింది అప్పుడే. నేనూ అందరిలాగే ఆమె చెవి దగ్గర నోరు పెట్టి అరిచాను.

దండోరా వేయలేదు. ఆమె చెవులకు ఏమీ కాలేదు. రెండూ రాసేశాను, కాస్త ఊపిరి ఆడుతోంది. ఆమెకు చదువు రాదు. ఎవరైనా ఇది చదివి వినిపిస్తే మెల్లగానే చదవండి. ఆమెకు వినపడుతుంది.