పామర్రు టీచరుగారి పాయింట్లు

రిటైరవడానికి రెండేళ్ల ముందు, ఎండాకాలంలో, నన్ను మా బ్యాంకు విజయవాడ క్రెడిట్ కార్డుల విభాగంలో రిస్కు మేనేజరుగా వేశారు. ఖాతాదారు ఆదాయానికీ కార్డు వాడకానికీ పొంతన లేకపోతే కంప్యూటరు ఆ పేరు మాకు పంపుతుంది. కార్డు కొనసాగించాలా, రద్దు చేయాలా అన్నది విచారించి రాయడం నా పని.

అలా వచ్చినవాటిలో ఒకటి పామర్రులో ప్రైవేటు స్కూలు టీచరు గ్రేసమ్మగారిది. ఖర్చు జీతాన్ని మించిపోయింది. అంతా కిరాణా, మందులు. బిల్లు మాత్రం ప్రతినెలా గడువులోగా పూర్తిగా కడుతున్నారు. కార్డు వాడినందుకు బ్యాంకు బహుమతిగా ఇచ్చే పాయింట్ల కోసం ఇతరుల కొనుగోళ్లు తమ కార్డు మీద చేయించేవాళ్లు ఉంటారు. ఈమె పాయింట్లు ఒక్కసారీ వాడలేదు, గడువు తీరి పోతున్నాయి. నాకేమీ అంతుబట్టక పామర్రు వెళ్లాను.

ఆమె ఇంకా స్కూలు నుంచి రాలేదు. పక్కింటి లక్ష్మి, తాపీమేస్త్రి భార్య, కుర్చీ వేసింది. బ్యాంకు నుంచి వచ్చానన్నాను.

“టీచరుగారికి పాయింట్లు కావాలంటండీ. అందుకే మా నాలుగిళ్లవాళ్లం సరుకులు ఆవిడ కార్డు మీదే తెచ్చుకుని, కూలి డబ్బులొచ్చాక ఇచ్చేస్తన్నాం. మా వల్ల ఆవిడకి ఆ మాత్రం సాయం” అంది.

ఎవరు ఎవరికి సాయం చేస్తున్నారో నాకు తికమకగా ఉంది. గ్రేసమ్మగారు వచ్చాక పాయింట్ల సంగతి అడిగితే వాడుకోవడం మర్చిపోయానన్నారు. నన్ను లోపలికి తీసుకెళ్లాక, లక్ష్మికి వినపడకుండా గొంతు తగ్గించారు.

“అప్పిస్తానంటే వాళ్లు తీసుకోరండీ. నాకు పాయింట్లు కావాలంటే మొహమాటపడకుండా తెచ్చుకుంటారు. వాటిని నేను వాడుకుంటే వాళ్ల తిండి మీద సంపాదించినట్టుంటుంది.”

మేస్త్రికి పని దొరక్క లక్ష్మి ఇవ్వలేని నెలలో తనే చీటీ పాడి బిల్లు కట్టారట. కొంత బాకీ మిగిలినా కొన్న రోజు నుంచీ వడ్డీ పడుతుందని, కొత్త కొనుగోళ్లకు కూడా వడ్డీలేని గడువు పోతుందని చెప్పాను. మిగిలినదానికే వడ్డీ అనుకున్నానన్నారామె.

రూలు ప్రకారం ఇతరుల కోసం కార్డు వాడకూడదు. కానీ బ్యాంకుకు నష్టం లేదు, ఆమెకు లాభం లేదు. దీన్ని దుర్వినియోగమని రాయాలా? రెండు రకాలుగానూ రాసి చూసుకున్నాను. చివరికి కార్డు ఉంచి, ఎవరూ ఇవ్వకపోయినా ఆమె జీతంతో తీర్చగలిగినంతకే పరిమితి తగ్గించమని సిఫారసు చేశాను. పైవాళ్లు ఒప్పుకున్నారు.

తర్వాత ఆమె ఫోన్ చేశారు. ఆ పరిమితి రెండిళ్లకే సరిపోయిందట. మిగతా రెండిళ్లవాళ్లకీ బ్యాంకు పాయింట్ల స్కీము ఆపేసిందని చెప్పారట. వాళ్లలో లక్ష్మి ఒకరు. “మా వల్లేమైనా తప్పు జరిగిందా అని అడిగిందండీ.”

బిల్లు పూర్తిగా కట్టేవాళ్లందరూ కార్డును జాగ్రత్తగా వాడుతున్నట్టేనని అంతవరకూ అనుకునేవాణ్ణి. ఆ డబ్బు సొంత ఆదాయం నుంచి వస్తోందా, ఇతరులు ఇస్తేనే వస్తోందా అని కూడా చూడాలని ఆ కేసుతో తెలిసింది. పరిమితి తగ్గించడం సరైన పనే. లక్ష్మికి మేలు చేశానా అంటే మాత్రం ఇప్పటికీ చెప్పలేను.